నీళ్ళరంగు రాయి: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల పచ్చ గురించి రాస్తూ చివర్లో ఒక్క ముక్క అన్నాను, "ఆక్వామెరీన్ పచ్చకి తోడబుట్టిన చెల్లెలు" అని. లేత నీలం రత్నం అది. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. పచ్చ గురించి నేను మూడు పేజీలు రాస్తే వచ్చినవి నాలుగు ఉత్తరాలు. అక్క కంటే చెల్లెలికే గిరాకీ ఎక్కువగా ఉన్నట్టుంది. అన్నిటికీ జవాబు రాయలేను కాబట్టి, ఒకే మాట అడిగినవాళ్ళని ఒకే ఉత్తరం కిందికి చేర్చాను.

మా వారు మర్చంట్ నేవీలో ఇంజనీరు. పెళ్ళయ్యాక మొదటి ట్రిప్పులో బ్రెజిల్‌లోని శాంటోస్ రేవు నుంచి ఆక్వామెరీన్ లాకెట్ తెచ్చారు. పెట్టెలో ఉన్నప్పుడు నీలంగా కనిపించింది. మెడలో వేసుకుంటే గ్లాసులో నీళ్ళలా ఉంది. మా ఆడపడుచు చూసి "గాజుముక్క వదినా" అనేసింది. ఆయన్ని అడగాలంటే మొహమాటం. అసలుదేనా మేడమ్?
ఒక పాఠకురాలు, కాకినాడ

తల్లీ, ముందు ఆ పెట్టె సంగతి చూడండి. లోపల నీలం వెల్వెట్టో, నీలం కాగితమో పరిచి ఉంటుంది. ఆక్వామెరీన్ పారదర్శకమైన రాయి, కింద ఏ రంగుంటే ఆ రంగు కాస్త పట్టుకుంటుంది. మోసమనను గానీ, అమ్మేవాడి నేర్పు అది. మెడలోకి వచ్చేసరికి రాయి తన సొంత రంగు చూపించింది. తెల్ల కాగితం మీద పెట్టి, పొద్దున పది గంటల వెలుతురులో, ఎండ నేరుగా తగలని కిటికీ దగ్గర చూడండి. అప్పుడు కనిపించేదే దాని రంగు.

ఆ రంగు లేతగా ఉంటే కంగారు పడకండి. ఈ రాయి స్వభావమే అది. బెరిల్ అనే ఖనిజంలో కొద్దిగా ఇనుము చేరితే ఈ నీలం వస్తుంది. అదే బెరిల్‌లో ఇనుముకు బదులు క్రోమియమో వెనేడియమో చేరితే పచ్చ అవుతుంది. ఇనుము ఇచ్చే రంగు పలచన. అందుకే చిన్న రాళ్ళు దాదాపు తెల్లగా ఉంటాయి, రాయి పెద్దదయ్యేకొద్దీ రంగు చిక్కబడుతుంది. బావిలో నీళ్ళు నీలంగా, చెంబులో నీళ్ళు తెల్లగా కనిపించినట్టే. వేలి గోరంత రాయిలో ఉప్పుటేరు రంగు కోరుకుంటే దొరకదు. దొరికితే అనుమానించాలి.

మీ ఆడపడుచు మాటకి జవాబు మీరే చెప్పొచ్చు. ఇంట్లో లాప్‌టాప్ ఉందా? తెల్ల పేజీ ఒకటి తెరిచి, వెలుతురు పెంచి, లాకెట్ గొలుసు తీసేసి, రాయిని తెరకి దగ్గరగా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. లాప్‌టాప్ తెర నుంచి వచ్చే వెలుతురు ఒకే దిశలో కంపిస్తుంది. ఆక్వామెరీన్ ఒక దిశలో నీలంగా, దానికి అడ్డంగా చూస్తే దాదాపు రంగులేకుండా ఉండే రాయి. కాబట్టి పావు చుట్టు తిప్పేసరికి నీలం వచ్చి పోతుంది. గాజు ఎంత తిప్పినా అలాగే ఉంటుంది. ఆక్వామెరీన్ పేరుతో అమ్మే సింథటిక్ స్పినెల్, అంటే ఫ్యాక్టరీలో చేసే వేరే రాయి, కూడా అంతే. ఒక జాగ్రత్త: రాయిని కోసిన దిశను బట్టి, అసలు రాయిలో కూడా ఒక్కోసారి మార్పు కనపడదు. రంగు మారితే గాజు కాదని ధైర్యంగా చెప్పొచ్చు, మారకపోతే మాత్రం తీర్పు చెప్పేయకుండా రాళ్ళు పరీక్షించే ల్యాబ్‌కి పంపండి.

భూతద్దం ఉంటే లోపలికి కూడా చూడండి. వాన చినుకులు జారుతున్నట్టు, సన్నటి గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి బారుగా కనిపిస్తే సంతోషించండి, అది బెరిల్ పుట్టుమచ్చ. గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే మాత్రం మీ ఆడపడుచుకి టీ ఇప్పించాలి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. సముద్రం మీద తిరిగేవాడు పెళ్ళానికి తేవడానికి ఇంతకంటే తగిన రాయి లేదు. లాటిన్‌లో ఆక్వా మరీనా అంటే సముద్రపు నీరు. మధ్యధరా నావికులు సముద్ర దేవుడి బొమ్మ చెక్కిన బెరిల్ తాయెత్తు కట్టుకుంటే ఓడ క్షేమంగా తిరిగొస్తుందని నమ్మేవారట. మధ్యయుగపు యూరప్ రత్నశాస్త్రాల్లో ఇదే రాయి ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆలుమగల్ని కలుపుతుందని ఉంది. కాబట్టి మొహమాటపడకుండా మీవారిని అడగండి. పనిచేసేదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది.

నాకు 47 ఏళ్ళు. జ్యోతిష్యులు పచ్చ పెట్టుకోమన్నారు. మంచి పచ్చ కొనే స్తోమత లేదు. షాపతను "ఆక్వామెరీన్ కూడా పచ్చ జాతేనండీ, ఉపరత్నం, ఫలితం అంతే" అంటూ 6 రత్తీల రాయి చూపించాడు. మా బావమరిది అది వైడూర్యం అంటున్నాడు. ఎవరిది నిజం? రత్తీ అంటే ఎంత?
ఒక పాఠకుడు, నిజామాబాద్

మీ షాపతను చెప్పిన మాటలో మొదటి సగం నిజం. రెండో సగం నా చేతిలోది కాదు. 34 ఏళ్ళుగా రాళ్ళు తూస్తున్నాను, గ్రహాల్ని తూచే త్రాసు నా దగ్గర లేదు. మీ జ్యోతిష్యులు పచ్చ చెప్పారు, ఆక్వామెరీన్ చెప్పలేదు. "ఇదిస్తే అదే ఫలితం" అన్నమాట ఆయన నోటి నుంచి రావాలి గానీ అమ్మేవాడి నోటి నుంచి కాదు. నవరత్నాల్లో ఆక్వామెరీన్ లేదు. మాణిక్యం, ముత్యం, పగడం, పచ్చ, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి.

రత్తీ అంటే అసలు గురివింద గింజ. గింజ తూకం దాదాపు 0.12 గ్రాము. కానీ రాళ్ళ బజారులో చెప్పే రత్తీ దాదాపు 0.182 గ్రాము, అంటే 0.91 క్యారెట్. గింజ ఒకటే, తూకాలు రెండు. అందుకే రత్తీల్లో చెప్పే ధర వినకండి. "క్యారెట్‌లో చెప్పండి, క్యారెట్‌కి ఎంతో రాసివ్వండి" అనండి. క్యారెట్ అంటే 0.2 గ్రాము, దాంట్లో రెండో లెక్క లేదు. 6 రత్తీలంటే సుమారు ఐదున్నర క్యారెట్లు.

ఇక మీ బావమరిది. ఆయన తప్పు అన్నాడో, రెండు వేల ఏళ్ళ కిందటి నిజం అన్నాడో తేల్చడం కష్టం. ఈ రోజు వైడూర్యం అంటే పిల్లికన్ను, క్రైసోబెరిల్ అనే వేరే ఖనిజం. పేరు చివర బెరిల్ ఉందని మోసపోకండి, రెండూ వేరు. కానీ పాత పుస్తకాల్లోని వైడూర్యం మన బెరిలే అని చాలామంది పండితుల మాట. వైడూర్యాన్ని ప్రాకృతంలో వేరులియ అన్నారు, పాళీలో వేళూరియ. ఆ మాట గ్రీకుల నోట బెరిల్లోస్ అయింది, అక్కడి నుంచి బెరిల్. జర్మన్లు కళ్ళజోడుని బ్రిల్లె అంటారు, అదీ ఇందులోంచి పుట్టిందే. తొలినాటి అద్దాలు ఇలాంటి స్వచ్ఛమైన రాళ్ళతో చేసేవారు. మా ఇంట్లో కళ్ళజోడు కనపడనప్పుడల్లా "నా వైడూర్యం ఎక్కడ పెట్టారు" అని అడుగుతాను. మా పిల్లలకి అలవాటైపోయింది.

మాట వెళ్ళిన దారిలోనే రాయీ వెళ్ళింది. తమిళనాడులో కాంగేయం దగ్గర పడియూర్ చుట్టుపక్కల నీలి బెరిల్ దొరికేది. అక్కడికి దగ్గర్లోనే నొయ్యల్ నది ఒడ్డున కొడుమణల్‌లో తవ్వితే పూసలు చేసిన పనివాళ్ళ జాడలు, సగం చెక్కిన బెరిల్, పలుగురాయి ముక్కలు బయటపడ్డాయి. ఆ కోయంబత్తూరు సీమలోనే రోమన్ నాణేలు కుండలకొద్దీ దొరికాయి. క్రీ.శ. 79లో చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో బెరిల్ భారతదేశపు రాయి అనీ, సముద్రపు పచ్చదనం ఉన్నవి శ్రేష్ఠమనీ రాశాడు. ఆ వెంటనే ఇంకో ముక్క రాశాడు: స్ఫటికానికి రంగు వేసి నకిలీ బెరిల్ చేయడం కూడా భారతీయులు కనిపెట్టారట! ఆ పేజీ మొదటిసారి చదివినప్పుడు నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. నకిలీల గురించి నన్నడిగినప్పుడల్లా, "ఇది మన పాత పరిశ్రమేనండీ" అంటాను.

మొత్తానికి, ఆ రాయి నచ్చి, ధర మీ చేతికి అందుబాటులో ఉంటే అందం కోసం కొనుక్కోండి. ఇది సాధారణంగా కంటికి మచ్చ కనపడనంత శుభ్రంగా దొరికే రాయి. పచ్చలో లోపలి మచ్చల్ని తోట అని ముద్దుగా పిలిచి సరిపెట్టుకుంటాం, ఆక్వామెరీన్‌లో ఆ రాజీ అక్కర్లేదు. మసకగా ఉన్నదాన్ని "పచ్చ జాతి కదండీ, అలాగే ఉంటుంది" అంటే లేచి వచ్చేయండి.

మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. మార్చిలో పుట్టింది కాబట్టి ఆక్వామెరీన్ తన బర్త్‌స్టోన్ అట, ఇక్కడి నుంచి కొని పంపమంటోంది. ఈ నెల రాళ్ళు మన శాస్త్రంలో ఉన్నాయా? దీనికి అర్థం ఏమిటి?
ఒక తల్లి, కూకట్‌పల్లి

లేవమ్మా. మనకి గ్రహాల లెక్క, వాళ్ళకి నెలల లెక్క. ఇప్పుడు వాడుకలో ఉన్న నెలల జాబితాని 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం ఖాయం చేసింది. అంతకు ముందు నుంచీ యూరప్‌లో ఈ ఆచారం ఉంది గానీ ఊరికో జాబితా. మార్చికి రక్తపు చుక్కలున్న ముదురాకుపచ్చ రాయి, బ్లడ్‌స్టోన్, కూడా చెబుతారు. రెండూ చూపించి ఏది కావాలో అడిగితే ఏ పిల్లయినా ఏది ఎంచుకుంటుందో మీకూ తెలుసు. అర్థాలంటే ప్రశాంతత, ధైర్యం, మాట తేటగా రావడం అంటారు. సముద్రం చుట్టూ అల్లుకున్న ఊహలే అన్నీ. పెళ్ళయి 19 ఏళ్ళు నిండినప్పుడు ఇచ్చే రాయిగా కూడా వాళ్ళకి ఇదే.

కొని పంపే ముందు అమ్మాయిని ఒక ఆదివారం వాషింగ్టన్ వెళ్ళమనండి, దగ్గరే కదా. స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంకి టికెట్ అక్కర్లేదు. అక్కడ డోం పెడ్రో అనే ఆక్వామెరీన్ ఉంది, 10,363 క్యారెట్లు. రెండు కిలోల పైచిలుకు తూకం, అడుగు దాటిన ఎత్తు. 1980ల చివర్లో బ్రెజిల్‌లోని పెడ్రా అజుల్ దగ్గర దొరికిన స్ఫటికం అది. కిందపడి మూడు ముక్కలైతే, పెద్ద ముక్కని జర్మనీలోని ఇడార్ ఒబెర్‌స్టైన్ దగ్గర బెర్ండ్ మున్‌స్టైనర్ చెక్కాడు. బయటివైపు నునుపుగా వదిలేసి, వెనకవైపు నుంచి నక్షత్రాల్లాంటి గాట్లు పెట్టాడు, వెలుతురు లోపలే తిరుగుతూ ఉంటుంది. 2012 నుంచి జనం చూడటానికి పెట్టారు. లోపల దీపం పెట్టారేమో అనిపిస్తుంది, దీపం ఏమీ ఉండదు. అది చూశాక అమ్మాయి అరక్యారెట్ కమ్మలు పంపితే ఒప్పుకోదేమో, ఆ పాపం నాకు అంటగట్టకండి.

కమ్మలు కొనేటట్టయితే జత రంగు కలిసిందో లేదో చూసుకోండి. ఒకే రంగు ఆక్వామెరీన్లు కూర్చడం అంత తేలిక కాదు. 1953లో రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి బ్రెజిల్ వాళ్ళు ఆక్వామెరీన్ హారం, కమ్మలు కానుకగా పంపారు. ఈ రాయికి పుట్టిల్లు లాంటి బ్రెజిల్‌కే రంగు కలిసే రాళ్ళు కూర్చడానికి ఏడాది పట్టిందని చెబుతారు. ముందు ఎడమ చెవిది, తర్వాత కుడి చెవిది విడివిడిగా చూడకండి. రెండూ ఒకే తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టించుకోండి.

ఆన్‌లైన్‌లో చాలా ముదురు నీలం ఆక్వామెరీన్ కొన్నాను. నా షాపు కౌంటర్ అద్దం కింద, ఎండ పడే చోట పెట్టాను. ఎనిమిది నెలల్లో రంగు వెలిసిపోయి గోధుమ ఛాయలోకి వచ్చింది. అసలు రాయి రంగు వెలుస్తుందా? టెన్షన్‌గా ఉంది, మరో రెండు రాళ్ళు కూడా అక్కడే కొన్నాను.
ఒక వ్యాపారి, విజయవాడ

అయ్యా, మిగతా రెండూ కూడా వెంటనే ల్యాబ్‌కి పంపండి. ఆక్వామెరీన్ ఎండకి వెలవదు. గనిలో దొరికినప్పుడు చాలా రాళ్ళు ఆకుపచ్చ కలిసిన నీలంగా ఉంటాయి. 400 నుంచి 450 డిగ్రీల వేడి పెడితే ఆ పసుపు ఛాయ పోయి నీలం తేటపడుతుంది. ఇది బజారంతా తెలిసిన సంగతే, తప్పుకాదు, ఆ నీలం శాశ్వతం. వేడి పెట్టారో లేదో చెప్పమంటే చాలాసార్లు ల్యాబ్‌కి కూడా చేతకాదు.

మీ రాయి లక్షణం చూస్తే అది మషీషీ రకం బెరిల్ కావచ్చు. 1917 ప్రాంతంలో బ్రెజిల్‌లోని మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలో అదే పేరున్న గనిలో ముదురు నీలం బెరిల్ దొరికింది. కళ్ళు చెదిరే రంగు, కానీ ఎండలో పెడితే వెలిసిపోయేది. దాని రంగు ఇనుము నుంచి కాదు, రేడియేషన్ వల్ల వచ్చింది. తర్వాత తర్వాత లేత బెరిల్‌కి రేడియేషన్ పెట్టి అదే రంగు తెప్పించడం నేర్చారు. బెరిల్ అన్నమాట అబద్ధం కాదు. అందుకే మామూలు పరీక్షల్లో సాంద్రత, వక్రీభవనం (రాయి వెలుతురుని ఎంత వంచుతుందో ఆ లెక్క) రెండూ బెరిల్ అనే చూపిస్తాయి, కొత్తవాళ్ళు ఇక్కడే పల్టీ కొడతారు. రంగు ఏ దిశలో చిక్కగా ఉందో చూస్తే దొంగ దొరుకుతాడు, ఈ రకంలో ఆ దిశ ఆక్వామెరీన్‌కి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

పల్టీ అన్నాను కాబట్టి నాదీ ఒకటి చెప్పాలి. రాళ్ళు పరీక్షించే టేబుల్ పెట్టిన రెండో ఏడు, ఒక షాపు నుంచి ఐదు రాళ్ళ పొట్లం వచ్చింది. మూడింటిని వక్రీభవనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద పెట్టాను, మూడూ 1.57, 1.58 చూపించాయి, బెరిల్ అంకెలే. మిగతా రెండూ అదే రంగు, అదే కోత. పైగా సాయంత్రం ఏడయింది, మా చిన్నవాడికి జ్వరం. ఐదింటికీ ఆక్వామెరీన్ అని కాగితం రాసిచ్చేశాను. రెండు నెలల తర్వాత ఒక పెద్దాయన వచ్చి, ఉంగరం తీసి నా టేబుల్ మీద పెట్టి, "అమ్మా, దీన్ని నువ్వు నీళ్ళల్లో తూచావా?" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఉంగరంలోంచి రాయి విప్పించి ఆయన ముందే తూచాను. గాలిలో 5.34 క్యారెట్లు. సన్నటి తీగ బుట్టలో పెట్టి గ్లాసు నీళ్ళలోకి దించితే 3.84. తేడా 1.50. మొదటి అంకెని తేడాతో భాగిస్తే 3.56, అదే దాని సాంద్రత. నీలం టోపాజ్. ఆక్వామెరీన్ అయ్యుంటే 2.72 ప్రాంతంలో రావాలి. కంటికి తేడా లేదు, నీళ్ళకి తెలిసిపోయింది. అదే పరిమాణంలో టోపాజ్ దాదాపు 30 శాతం బరువు. పొట్లంలో అసలువాటి మధ్య ఒకటి రెండు వేరేవి కలిపేయడం పాత విద్య. ఆ షాపు వాళ్ళే కలిపారో, వాళ్ళకీ ఎవరో కలిపిచ్చారో నాకు తెలియలేదు. పెద్దాయనకి ఖరీదు తేడా నా జేబులోంచి ఇచ్చాను, ఆయన వద్దన్నా. ఇప్పటికీ నా టేబుల్ మీద ఆ గ్లాసే ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే రాయి ముట్టుకోను.

మీ విషయానికొస్తే, అమ్మినవాడి బిల్లు మీద "ఆక్వామెరీన్" అనే మాట ఉందా, "బెరిల్" అని ఉందా చూడండి. మీ ఫిర్యాదు ఆ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

ఆక్వామెరీన్ ఉంగరం రోజూ పెట్టుకోవచ్చా? అంట్లు తోముతాను, పసుపు కుంకుమ, వంట అన్నీ చేతితోనే.
ఒక గృహిణి, వరంగల్

పెట్టుకోవచ్చు. గట్టితనం మోస్ స్కేలు మీద ఏడున్నర నుంచి ఎనిమిది. ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఏడు, కాబట్టి గీతలు పడవు. అంట్ల పీచుకీ, ఇనప సింకు అంచుకీ తగిలితే మాత్రం పెచ్చు లేవొచ్చు, ఆ టైములో తీసేయండి. పసుపు రాయికి పట్టదు గానీ వెనక గూట్లో గట్టిపడుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, షాంపూ చుక్క, మెత్తటి పళ్ళ బ్రష్, అంతే. ఉంగరం సాగదీయించడానికో అతుకు పెట్టించడానికో ఇస్తే, మంట పెట్టేముందు రాయి విప్పమని కంసాలికి మీరే గట్టిగా చెప్పండి. లోపల నీటి బుడగలున్న రాయి అయితే వేడికి పగులుతుంది.

మాది సైదాపురం దగ్గర పల్లె. మా తాతగారు అభ్రకం గనిలో మేస్త్రీ. ఇంట్లో ఆరు పలకల రాయి ఒకటుంది, రోకలి ముక్కంత, పాలిపోయిన ఆకుపచ్చ. ఎవరో వచ్చి ఇది ఆక్వామెరీన్, లక్షలు పలుకుతుంది, కోయించి పెడతాం ఇవ్వండి అంటున్నారు. ఇవ్వమంటారా?
ఒక పాఠకుడు, తిరుపతి

ఇవ్వకండి బాబూ. ఈ ఉత్తరం చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మాది గూడూరు. మా నాయన కూడా గనిలోనే పనిచేశాడు. సాయంత్రం చొక్కా దులిపితే గుమ్మం ముందంతా అభ్రకం తళుకులు. ముగ్గు అక్కర్లేదు అనేది అమ్మ. మా ఇంట్లోనూ ఆరు పలకల రాయి ఉండేది, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్ళం. మా నాయన దాన్ని పలుగురాయి అనుకున్నాడు. నేను తిరుపతిలో జియాలజీలో చేరాక, ప్రాక్టికల్స్ మొదటి వారంలో సారు బల్ల మీద ఒక నమూనా పెట్టారు. చూడగానే "ఇది మా తలుపు రాయి సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది.

గూడూరు, రాపూరు, సైదాపురం చుట్టూ ఉన్న అభ్రకం సీమలో పెగ్మటైట్ అనే శిల ఉంది. కరిగిన శిల చివరి రసం మెల్లగా చల్లారితే స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. పలుగురాయి, అభ్రకం, వాటి మధ్య బెరిల్, అన్నీ ఒకే వంటలోవి. బ్రెజిల్‌లో ఆక్వామెరీన్ దొరికేదీ ఇలాంటి శిలలోనే. 1910లో అక్కడ మరాంబాయాలో 110 కిలోల స్ఫటికం దొరికింది, ఈ చివర నుంచి ఆ చివరకి చూపు దూసుకుపోయేంత తేట. మన సీమలో బెరిల్ ఎక్కువగా మసక రకం, బెరీలియం లోహం కోసం పనికొచ్చేది. అందుకే అది చాలాకాలం అణు ఖనిజాల జాబితాలో ఉండేది, 2023లో అందులోంచి తీసేశారు.

కాబట్టి ఆశ పెట్టుకునే ముందు చూడండి. చీకటి గదిలో రాయి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. వెలుతురు పాలలోంచి వచ్చినట్టు వస్తే అది బెరిలే గానీ నగకి పనికిరాదు. ఎక్కడైనా ఒక మూల, వేలి కొసంతైనా, కిటికీ తెరిచినట్టు తేటగా ఉంటే ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇంట్లో సాన పట్టకండి, కోయకండి. రాయిగా ఉన్నంతసేపు ఏమీ చేయదు గానీ దాని పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. "కోయించి పెడతాం" అని పట్టుకుపోయిన రాయి ముక్కలుగా తిరిగొస్తే, అవి మీ రాయివే అని ఎలా నమ్ముతారు? తూచి, ఫొటో తీసి, ల్యాబ్‌కి మీరే తీసుకెళ్ళండి.

మా తలుపు రాయికీ ఒక మూల అలాంటి కిటికీ ఉండేది. జైపూర్‌లో రత్నాల కోర్సు చేస్తున్నప్పుడు ఆ మూల తీసుకెళ్ళి కోయించాను. 0.90 క్యారెట్ల రాయి వచ్చింది, అందులో సగం మబ్బు. కోసినాయన "దీనికి కూలి కూడా దండగ బెహన్‌జీ" అన్నాడు. వెండిలో పొదిగించుకున్నాను. మా నాయన ఊరి నుంచి వచ్చినప్పుడు చూపిస్తే, ఉంగరం కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ, తలుపుకి ఏం పెట్టావు?" అన్నాడు.